పెదకాలువ ఎందుకు పొంగింది?

పోయినవారం పత్రిక చేతికందని వాళ్ళకోసం నాలుగు ముక్కలు. కొత్తపేటకీ అమలాపురానికీ మధ్య ఉన్న మన నడిలంక ఈ ఏడాది స్మార్ట్ పట్టణమైంది. వానొస్తే మునిగే కాలనీలు ఇక మునగకూడదని పెదకాలువ వంతెనకి సెన్సార్ బిగించారు. కాలనీ డ్రెయిన్ కాలువలో కలిసేచోట తనంతట తనే మూసుకుని తెరుచుకునే గేటు పెట్టారు. కాలువ పొంగితే నీళ్ళు ఊళ్ళోకి ఎదురు తన్నకుండా గేటు మూసుకుంటుంది, తగ్గితే తెరుచుకుంటుంది. చెప్పుకోవడానికి ఎంత బాగుందో చూశారా! తీరా మొన్న ముసురు పట్టిన రోజున గేటు మూసుకుంది, ఎంతకీ తెరుచుకోలేదు. వినాయక కాలనీలో పడ్డ వానంతా ఎటూ పోలేక ఇళ్ళల్లోకి వచ్చేసింది. కాలువ అంత హఠాత్తుగా పొంగిందంటే దిగువన నీళ్ళని ఆపే లాకు దగ్గర ఎవరో షట్టర్ దించి ఉండాలన్నారు. ఆ షట్టర్ తాళం ఉండేది లాకు చూసుకునే లస్కరు వీరన్న దగ్గర. చేపల చెరువుల వాళ్ళకి నీళ్ళు ఎక్కించడం కోసం వీరన్నే దించాడన్నారు. తాళం లాక్కుని ఇంకొకరికి ఇచ్చి, అతన్ని ఇంటి దగ్గర కూర్చోబెట్టారు. సాక్ష్యమల్లా కంట్రోల్ రూము తెరమీద నీటిమట్టం చూపిస్తూ నిటారుగా లేచిన ఒక గీత. ఆ గీత కమిషనర్‌గారికి చూపించింది కంట్రోల్ రూము ఇంజనీరు సాయిదుర్గ. వీరన్న ఆమెకి సొంత మేనమామ.

ఇవాళ ఆ విచారణ.

విచారణంటే ఆఫీసులో, ఫ్యాను కింద, టీ బిస్కట్ల మధ్య జరగాలని అందరూ అనుకుంటారు. కమిషనర్ సత్యవతిగారికి ఆ అలవాటు లేదు. నీళ్ళ సంగతి నీళ్ళ దగ్గరే తేల్చుకుందాం రమ్మని పొద్దున్నే అందర్నీ పెదకాలువ వంతెన మీదికి పిలిపించింది. కాలనీలో సగం జనం వచ్చేశారు. ఇలాంటివాటికి మనవాళ్ళని పిలవక్కర్లేదు కదా.

అందరికంటే ముందు నిలబడ్డవాడు బుల్లిరాజు. కాలనీ సంఘానికి పెద్ద ఆయనే. ఎరువుల కంపెనీవాళ్ళు పంచిన ఎర్ర టోపీ ఒకటి నెత్తిన పెట్టుకున్నాడు. ఆ టోపీ కింద ఇంకా పూర్తిగా జుట్టు రాని గుండు. ఈమధ్యే తల్లి పోయింది. దుఃఖానికి కోపం తోడైతే మనిషి ఎంత పెద్దగా అరుస్తాడో ఆ పొద్దున వంతెన మీదున్న అందరికీ తెలిసింది.

వీరన్న జనానికి ఎడంగా, పిట్టగోడ పక్కన నిలబడ్డాడు. భుజం మీద తువ్వాలు, చూపు నీళ్ళమీద. చాలా రోజులుగా టీ బడ్డీ వైపు కూడా వెళ్ళడం మానేశాడు. అక్కడ తనని చూడగానే మాటలు ఆగిపోవడం అతనికి నచ్చలేదు. ఎవరికి నచ్చుతుంది?

సాయిదుర్గ చేతిలో ట్యాబ్ పట్టుకుని మేనమామ వంక చూడకుండా నిలబడింది. చూస్తే ఏడుపొస్తుందని ఆమె భయం. ఇంట్లో తల్లి మంగాయమ్మ వేళకి అన్నం పెడుతోంది గానీ నోరు విప్పి పలకరించడం లేదు. తమ్ముడి మీద సాక్ష్యం చెప్పిన కూతురితో ఏం మాట్లాడాలో ఆవిడకీ తెలియడం లేదు.

"వీరన్నగారూ, ఆఖరిసారి అడుగుతున్నాను. షట్టర్ మీరు దించారా?" అంది సత్యవతిగారు.

"లేదండి."

"మరెవరు దించారు?"

"ఎవరూ దించలేదండి. ఆ పూటంతా నేను లాకు మీదే ఉన్నానండి, ఆయ్."

"మరి కాలువ ఎందుకు పొంగింది?"

వీరన్న నీళ్ళకేసి చూశాడు. "అదే నాకూ తెలవడం లేదండి."

వెనకనుంచి ఎవరో పకాలున నవ్వారు. బుల్లిరాజు మాత్రం నవ్వలేదు. ఒక అడుగు ముందుకొచ్చాడు.

"విన్నారా మేడమ్‌గారూ! లాకు మీదే ఉన్నాడంట, షట్టర్ దిగలేదంట, కాలువ దానంతటదే పొంగిందంట! గీత కనపడతానే ఉంది కదండీ, ఇంకా విచారణేంటండీ? మనిషి అబద్ధమాడతాడు గానీ మిషను ఆడుద్దేంటండీ?"

సత్యవతిగారు నిట్టూర్చింది. ఆవిడకి వీరన్న మీద కక్షేమీ లేదు. కానీ కాలనీ మునిగింది, పైవాళ్ళు అడుగుతున్నారు, ఆవిడ జవాబు చెప్పుకోవాలి. "వేరే కారణమేదీ తేలకపోతే వీరన్నగారిని ఉద్యోగంలోంచి తీసెయ్యక తప్పదు. పోలీసు కేసు కూడా పెట్టాల్సొస్తుంది. నాకు ఇష్టమై చెయ్యడం లేదు," అంది.

పోలీసు అన్న మాట వినగానే వీరన్న తువ్వాలు భుజం మీంచి తీసి చేతుల్లో పట్టుకున్నాడు. ఏం చెయ్యాలో తెలియక మళ్ళీ భుజం మీదే వేసుకున్నాడు. ఇరవయ్యేళ్ళ వయసునుంచీ ఆ లాకు తప్ప ఇంకో పని ఎరగడు. తూములో ఇరుక్కున్న దూడని బయటికి తీసినవాడు, కాలువలో పడ్డ పెళ్ళివారి కారుని తాడేసి లాగించినవాడు. పోలీసు స్టేషన్ గుమ్మం మాత్రం ఎన్నడూ తొక్కలేదు.

"మేడమ్, ఒక్క మాట," అంది సాయిదుర్గ. గొంతు తనకే కొత్తగా వినిపించింది. "నీళ్ళు పెరిగాయని గీత చెబుతోంది. ఎందుకు పెరిగాయో చెప్పడం లేదు. ఎవరు పెంచారో అసలే చెప్పడం లేదు."

"మేనమామ కదమ్మా, ఎనకేసుకురాక ఏం చేత్తావు!" అన్నాడు బుల్లిరాజు.

"ఆ గీత బయటపెట్టింది నేనేనండి రాజుగారూ. వెనకేసుకురావాలంటే ఆరోజే దాచేసేదాన్ని."

ఆ మాటకి జనంలో కొంతమంది తలలూపారు. బుల్లిరాజుకి మాత్రం అది పుండు మీద కారం చల్లినట్టయింది.

"నీకేం తెలుసమ్మా! మునిగింది నీ ఇల్లా, నా ఇల్లా? నేను ఇంట్లో ఉన్నా బాగుండేది. మా యమ్మ చీరలపెట్టన్నా మంచం మీద పెట్టేవోణ్ణి. నేను లేను. ఆరోజు మా యమ్మ పదోరోజు. చుట్టాలమంతా రేవులోనే ఉన్నాం. ఒక పక్క ముసురు, పంతులుగారా ఎంతకీ రారు. ఎప్పటికో వచ్చేరు. ధర్మోదకాలు ఇడిచి, తడిబట్టల్తో ఇంటికెల్తే..." ఆయన చేతివేళ్ళతో కళ్ళొత్తుకున్నాడు. "గుమ్మంలోకి మా యమ్మ ఫొటో ఎదురొచ్చిందమ్మా. దండేసి గోడవారన పెట్టిన ఫొటో, నీళ్ళమీద తేలుకుంటా వచ్చింది. ఆవిడే ఎదురొచ్చినట్టు వచ్చిందమ్మా!"

వీరన్న మొహం పక్కకి తిప్పుకుని తువ్వాలుతో కళ్ళు తుడుచుకున్నాడు. తనమీద కేసు పెట్టమంటున్న మనిషి కోసం ఏడవడం వీరన్నకే చెల్లింది.

"ఏ రేవండీ?" అంది సాయిదుర్గ.

జనం ఆమెని కొరకొరా చూశారు. తల్లి పోయినవాడు కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంటే రేవు లెక్కలేమిటి ఈ పిల్లకి?

"ఇదిగో, ఈ రేవే," అన్నాడు బుల్లిరాజు చెయ్యి చూపించి. వంతెనకి కాస్త దిగువన, నాలుగు మెట్లున్న చిన్న రేవు. "మా నాన్నకీ ఇక్కడే చేసేం, మా యమ్మకీ ఇక్కడే చేసేం."

సరిగ్గా అప్పుడే ఎగువనుంచి హోయ్ హోయ్‌మని కేకలు వినిపించాయి. ఐనవిల్లి వైపునుంచి కొబ్బరికాయలు వస్తున్నాయి.

మన ప్రాంతంలో ఇది తెలియనివాళ్ళు ఎవరుంటారు? లారీ దూరని తోటల్లో కాయ దింపించి, తిన్నగా కాలువలో పడేస్తారు. కాలువ మోసుకెళుతుంది. మొల లోతు నీళ్ళలో ఇద్దరు ముగ్గురు మనుషులు వెనకనుంచి తోలుకుంటూ పోతారు. డీజిల్ లేదు, పొగ లేదు, బాడుగ లేదు. కాలువ ఆ గట్టునుంచి ఈ గట్టుదాకా కాయలతో నిండిపోయి, నీళ్ళే కనపడకుండా నెమ్మదిగా కదులుతుంటే పిల్లలు బడి మానేసి చూస్తారు. సాయిదుర్గ కూడా అలా మానేసి తన్నులు తిన్నదే.

కాయలు వంతెన కిందికి వచ్చాయి. సెన్సార్ కిందనుంచి సాగిపోతున్నాయి. సాయిదుర్గ ఎందుకో చేతిలోని ట్యాబ్ చూసింది. తెరమీద గీత కొద్దిగా వణుకుతోంది, అంతే. రోజూ వణికేదే, రోజూ ఆమె చూసీ చూడనట్టు వదిలేసేదే.

కదిలిపోతుంటే వణుకుతోంది. కదలకుండా ఆగిపోతే?

సాయిదుర్గ పిట్టగోడ మీదికి వంగి గట్టిగా పిలిచింది. "గంగరాజు బాబాయ్!"

కాయలు తోలే గంగరాజు తల పైకెత్తాడు. తలకి చుట్టిన గుడ్డ, చేతిలో పొడుగాటి వెదురు.

"బాబాయ్, రాజుగారి అమ్మగారి పదోరోజున నువ్వు కాయలు తోలేవా?"

"తోలేనమ్మా. ముసురైనా దింపు ఆగదు కదా."

"మరి రేవు దాటి ఎలా పోయావ్?"

గంగరాజుకి ఆ ప్రశ్న నచ్చలేదు. "దాటి పోవడమేంటమ్మా? రేవులో కర్మ జరుగుతుంటే మధ్యలోంచి కాయలు తోలుకుపోతామా? మేం మనుషులం కామా? ఆపేసేం. పిండాలు వదిలి, ఆడోళ్ళు తానాలు చేసి గట్టెక్కేదాకా ఆపేసేం."

"ఎక్కడ ఆపేరు?"

"ఇక్కడేనమ్మా, ఈ వంతెన కిందే. వంతెన కానాకి ఈ పక్క గోడకీ ఆ పక్క గోడకీ తాడు కడతాం. ఎవరి కర్మ జరిగినా ఇక్కడే ఆపుతాం. మా నాన్న కూడా ఇక్కడే ఆపేవోడు."

"చాలాసేపు ఆపేరా?"

"రాజుగారు ఇప్పుడే చెప్పేరు కదమ్మా, పంతులుగారు ఎంతకీ రాలేదని. ఎనకకాయలు వచ్చి ముందుకాయల మీదికి ఎక్కేసేయి. ఇంతెత్తున గుట్టపడిపోయేయి. తరవాత విడదియ్యలేక చచ్చేం."

సాయిదుర్గ సత్యవతిగారి వైపు తిరిగింది. "మేడమ్, ఒక్కసారి కాయలు ఆపించి చూద్దామా? ఇప్పుడే, ఇక్కడే."

సత్యవతిగారికి పూర్తిగా అర్థం కాలేదు. అయినా ఆ పిల్ల మొహం చూసి సరేనంది.

గంగరాజు మనుషులు తాడు కట్టారు. ముందుకాయలు తాడుకి తగిలి ఆగిపోయాయి. వెనకకాయలకి ఆ సంగతి తెలియదు కదా, వస్తూనే ఉన్నాయి. వచ్చి గుద్దుకున్నాయి, పక్కకి నెట్టుకున్నాయి, చోటు చాలక ఒకదాని మీదికి ఒకటి ఎక్కాయి. వంతెన కింద చూస్తుండగానే కాయల దిబ్బ లేచింది.

ట్యాబ్ తెరమీద గీత నిటారుగా పైకి లేచింది. ఆరోజు లేచినట్టే, అచ్చం అలాగే.

వంతెన పక్కనే, డ్రెయిన్ కాలువలో కలిసేచోట మోటారు గుర్రుమంది. గేటు దానంతటదే, ఎవరూ తాకకుండా, అందరి కళ్ళముందూ దిగి మూసుకుపోయింది.

"రేవు మెట్లు చూడండి," అంది సాయిదుర్గ. "నీళ్ళు ఇందాక ఎక్కడున్నాయో ఇప్పుడూ అక్కడే ఉన్నాయి. కాలువ పొంగలేదు. ఆరోజూ పొంగలేదు. ఈ సెన్సార్ పైనుంచి కిందికి ఎంత దూరముందో కొలుస్తుంది, అంతే. కిందున్నవి నీళ్ళో కాయలో దానికి తెలీదు. కాయల దిబ్బని చూసి నీళ్ళు లేచాయనుకుంది. గేటు మూసేసింది. షట్టర్ ఎవరూ దించలేదు మేడమ్. మా మావయ్య దించలేదు!"

అనేసి, అంతమంది ముందు, ఇంజనీరునన్న సంగతి మర్చిపోయి ఏడ్చేసింది.

ముందుగా తేరుకున్నది సత్యవతిగారే. ఆవిడ నవ్వడం మొదలుపెట్టింది. చేతిలో ఉన్న ఫైలు మొహానికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. ఎన్ని సమావేశాలు, ఎంతమంది నిపుణులు, ఎన్ని పరీక్షలు! ఎండలో చూశారు, వానలో చూశారు, వరదలో చూశారు. కర్మ రోజున చూడాలని ఎవరికి తడుతుంది?

వీరన్న మాత్రం ఇంకా నమ్మలేనట్టు నిలబడ్డాడు. "అయితే నేను దించలేదండి కదా?" అన్నాడు నెమ్మదిగా. అందరూ అన్నన్ని రోజులు అదే మాట అంటుంటే, ఏ నిద్రమత్తులోనో దించేశానేమోనని తనమీద తనకే అనుమానం వచ్చేసింది పాపం.

"లేదు మావయ్యా," అంది సాయిదుర్గ అతని చెయ్యి పట్టుకుని. "నువ్వు దించలేదు."

అప్పుడు వీరన్న పిట్టగోడ మీద కూలబడి, గుండెలనిండా గాలి పీల్చుకుని వదిలాడు. ఆ ఒక్క ఊపిరితో అతని వయసు పదేళ్ళు తగ్గినట్టు కనిపించింది.

తాడు విప్పారు. కాయలు మళ్ళీ కదిలాయి. గీత దిగింది, గేటు తెరుచుకుంది. గంగరాజు మాత్రం కాయల వెనక పోకుండా గట్టెక్కి వచ్చాడు. తడిసిన లుంగీ పిండుకుంటూ సత్యవతిగారి ముందు నిలబడ్డాడు.

"అమ్మగారూ, ఇంక మా కాయలు కాలువలో వద్దంటారేంటండీ?"

"ఎందుకంటానండీ? మీ కాయలు మీ నాన్నగారి కాలంనుంచీ ఉన్నాయి. సెన్సార్ మొన్న వచ్చింది. పక్కకి జరగాల్సింది సెన్సారే. రేవు దాటాక, కాయలు ఆగని చోట బిగిస్తాం. ఈసారి బిగించేముందు మీరు కూడా వచ్చి చూడాలి."

"ఆయ్, వస్తానండి," అన్నాడు గంగరాజు. మీసాల్లో నవ్వు దాగలేదు.

బుల్లిరాజు గంగరాజునే చూస్తున్నాడు.

"గంగరాజూ, ఆ కాయలు... మా యమ్మ కోసం ఆపేరా?"

"ఆయ్. అమ్మగారి కోసమేనండి. వానలో గట్టుమీదే నిలబడ్డామండి, తలగుడ్డలు తీసేసి. మేం ఇటు కాయలు తోలుకెళ్ళే రోజుల్లో ఆవిడ రేవులోకి వచ్చి చెంబుతో మజ్జిగ పోసేవారండి. ఆ మాత్రం ఆగలేమాండీ?"

బుల్లిరాజు మరి నిలబడలేకపోయాడు. రేవులోకి దిగి, మెట్టుమీద కూర్చుని, టోపీ తీసి కింది మెట్టుమీద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. ఇన్నాళ్ళూ తల్లి ఫొటోని నీళ్ళపాలు చేసినవాడెవడో దొరికితే చొక్కా పట్టుకుందామని తిరిగాడు. తీరా చూస్తే ఆవిడకి మర్యాద చెయ్యబోయిన మనుషులే అక్కడ నిలబడి ఉన్నారు. ఎవరి చొక్కా పట్టుకుంటాడు? ఆయన ఏడ్చాడు. అది ఇందాకటి ఏడుపు కాదు. చూస్తున్నవాళ్ళకి కూడా మనసు తేలికపడింది.

కాసేపటికి లేచి వచ్చి వీరన్న చేతులు పట్టుకున్నాడు. "వీరన్నా, నోటికొచ్చినట్టు అనేసేను. చెరువులోళ్ళకి అమ్ముడుపోయేవన్నాను. తప్పయిపోయింది."

"తల్లిని పోగొట్టుకున్న బాధలో ఉన్నారండి. నేనేం అనుకోలేదండి," అన్నాడు వీరన్న.

అనుకున్నాడు, ఎందుకనుకోడు! చాలా అనుకున్నాడు. కానీ ఆ క్షణాన అవన్నీ ఎటుపోయాయో అతనికే గుర్తులేదు.

సాయిదుర్గ పక్కకి వెళ్ళి ఇంటికి ఫోన్ చేసింది. "అమ్మా, మావయ్య దించలేదే!"

"నాకు తెలుసు," అంది మంగాయమ్మ. "నీకు తెలిసిందా?"

"తెలిసింది."

అవతల ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. "సరే, మధ్యాహ్నం మావయ్యని తీసుకుని తిన్నగా ఇంటికి వచ్చెయ్యండి. పనసపొట్టు కూర ఆవపెడతాను. నువ్వూ సరిగ్గా తిని ఎన్నాళ్ళయిందో!"

సాయిదుర్గకి మళ్ళీ కళ్ళనీళ్ళు తిరిగాయి. ఈసారి తుడుచుకోలేదు కూడా.

బడ్డీనుంచి టీలు వచ్చాయి. మొదటి గ్లాసు వీరన్న చేతికే ఇచ్చారు. ఇచ్చినవాడు ఇందాక వెనకనుంచి నవ్వినవాడే, కానీ ఆ సంగతి ఇప్పుడెందుకు? సత్యవతిగారు గ్లాసు పట్టుకుని, "వీరన్నగారూ, మీరు ఇప్పటినుంచే డ్యూటీలో ఉన్నట్టు," అంది. జనం చప్పట్లు కొట్టారు. కాయలు రేవు దాటి, మలుపు తిరిగి, కనపడకుండా పోయాయి.

అప్పుడు ట్యాబ్ కుయ్యిమంది.

"కాయలే అయ్యుంటాయి లెండి!" అన్నాడు బుల్లిరాజు. అందరూ నవ్వారు. సాయిదుర్గ కూడా నవ్వుతూనే తెర చూసింది. నవ్వు ఆగిపోయింది.

గీత ఇందాకటిలా నిటారుగా లేవలేదు. నింపాదిగా, ఆగకుండా పైకి పాకుతోంది. ఆమె పిట్టగోడ మీదికి వంగి వంతెన కిందికి చూసింది. ఒక్క కాయ లేదు. నీళ్ళే ఉన్నాయి.

"నా టోపీ!" అన్నాడు బుల్లిరాజు.

కింది మెట్టు కనపడటం లేదు. దానిమీద ఆయన పెట్టిన ఎర్రటోపీ నీళ్ళమీద తేలి, దిగువకి పోకుండా, రేవులోనే గిరగిరా తిరుగుతోంది. కాలువ పారడం మానేసింది.

వీరన్న టీ గ్లాసు కింద పెట్టేశాడు. "షట్టర్ దిగిందమ్మా," అన్నాడు. "ఈసారి నిజంగానే దిగింది." అలవాటుకొద్దీ అతని చెయ్యి మొలతాడు దగ్గరికి వెళ్ళింది. అక్కడ తాళం లేదు.

"మీ దగ్గర తీసుకున్న తాళం ఇప్పుడెవరి దగ్గరుంది?" అంది సత్యవతిగారు.

వీరన్న బుల్లిరాజు వంక చూశాడు. బుల్లిరాజు తేలుతున్న టోపీ మీంచి కళ్ళు తిప్పలేదు. ఆయన మొహంలో రక్తం లేదు.

"మా బావమరిది నాగసతీష్ దగ్గరండి," అన్నాడు. "నమ్మకస్తుడని నేనే చెప్పి ఇప్పించేనండి. పోయిన నెలే... ఆ లాకుకి ఎగువన చేపల చెరువులు లీజుకి తీసుకున్నాడండి."